మూడో డిస్కు

“చేతులు ఒళ్లో పెట్టుకో. నాకు కనపడేలా,” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

సర్వేయరుగారి మేనకోడలు పెట్టుకుంది. పాతికేళ్ల పిల్ల. నిన్నటి బట్టలు ఇంకా మార్చుకోలేదు. మోచేతి దగ్గర రక్తం ఎండిపోయి ఉంది. ఆ రక్తం ఆమెది కాదు. మెట్ల కింద తల పగిలి పడివున్న మామయ్యను ఒళ్లోకి తీసుకున్నప్పుడు అంటింది. ఇన్‌స్పెక్టరు లెక్కలో అదీ ఆమె మీద సాక్ష్యమే.

గుమ్మంలో నిలబడ్డ డిటెక్టివ్ ముందు ఆ చేతుల్ని చూసింది, తర్వాత గదిని. ఈ డిటెక్టివ్‌ని అందరూ గోరింక అంటారు. నోరు తెరిస్తే మూయదని పెట్టిన పేరు. పేరు తప్పు కాదు గానీ, ఎదుటివాళ్లు ఏదైనా దాస్తున్నారని అనుమానం వస్తే మాత్రం ఆ నోరు దానంతటదే మూతపడుతుంది. ఈ గదిలోకి వచ్చినప్పటినుంచీ ఆమె ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

అది ఇన్‌స్పెక్టరుకి నచ్చలేదు. ఆయన ఆమెకి సొంత అక్క మొగుడు. పదేళ్లుగా వాళ్లిద్దరికీ ఒక్క కేసులోనూ పడలేదు, అలాగని ఒక్క ఆదివారం భోజనానికీ కలవకుండా ఉండలేదు. మరదలు వాగుతుంటే ఎలా కసురుకోవాలో ఆయనకి తెలుసు. ఊరుకుంటేనే ఏం చెయ్యాలో పాలుపోదు.

“ఏం చూస్తావో చూసుకో,” అన్నాడు. “కింద జీపు ఆగి ఉంది. నీకు టైమిచ్చానంటే మీ అక్క మొహం చూసి ఇచ్చాను.”

“అక్క మొహం చూసి మీరు ఇచ్చేది టైమొక్కటే అని తనూ అంటుంది బావగారూ,” అంది గోరింక.

కుర్చీ పక్కన నిలబడ్డ లేడీ కానిస్టేబుల్ తల దించుకుంది. నవ్వుతోందని ఎవరికీ కనపడకూడదు మరి.

గది నిండా సర్వేయరు సామాన్లే. మూలన మూడుకాళ్ల స్టాండు, దాని పక్కన ఎరుపు తెలుపు చారల కర్రల కట్ట, గోడకి దారంతో వేలాడుతున్న ఇత్తడి గుండు. పెద్ద బల్ల మీద కంప్యూటర్. దాని పక్కనే తీగతో తగిలించిన నల్లటి డిస్కు పెట్టె, దాని నెత్తిన వెలుగుతున్న చిన్న పచ్చదీపం. గదిలోంచి బయటికి రాగానే మెట్లు మొదలు. పై మెట్టు మీద ఏదో ఒరుసుకున్న గీత, కింది మెట్టు దగ్గర సుద్దతో గీసిన మనిషి ఆకారం. ఆ మనిషి చనిపోలేదు. ఆసుపత్రిలో స్పృహ లేకుండా పడి ఉన్నాడు.

“మొదటినుంచి చెప్పమ్మాయ్,” అంది గోరింక. “వీళ్లకి చెప్పిందే మళ్లీ చెప్పు.”

“నిన్న పొద్దున్న మామయ్య వరద కాలువ దగ్గరికి వెళ్లాడు మేడమ్. ఆఖరి కొలత ఒకటి టేపుతో మళ్లీ సరిచూసుకోవాలన్నాడు. నేను పదకొండింటికి కంప్యూటర్ ఆపేసి, ఇంటికి తాళం వేసి, కొలతల మెషీన్ రిపేరుకివ్వడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఒంటిగంట దాటింది. తలుపు తీసే ఉంది. మామయ్య...” ఆమె మెట్ల వైపు చూసింది. “అక్కడ ఉన్నాడు.”

“కంప్యూటర్ ఆపేశానంది కదా,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “మేం వచ్చేసరికి అది నిక్షేపంగా వెలుగుతోంది. మొదటి అబద్ధం అక్కడే దొరికింది. రెండోది, రిపేరు షాపువాడు ఈ అమ్మాయి తన దగ్గరే ఉందంటున్నాడు. వాడు ఈమె క్లాస్‌మేటు. షాపులో కెమెరా లేదు. ఇక మూడోది, ఇదిగో.”

ఆయన వేలు పెట్టి తెర చూపించాడు. తెర మీద కంపెనీ ఇచ్చిన నీలం బొమ్మ తప్ప ఏమీ లేదు. గోరింక అడిగితే ఫోల్డర్లున్న కిటికీ ఆయనే తెరిచాడు. డాక్యుమెంట్లు, ఖాళీ. ఫొటోలు, ఖాళీ. నిన్నో మొన్నో కొన్న కంప్యూటర్‌లా మెరిసిపోతోంది.

“ముప్ఫై ఏళ్ల సర్వేలు,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “ఊళ్లో ఏ గోడ ఎవరిదో చెప్పగలిగిన మనిషి. రేపు కోర్టులో పెట్టాల్సిన వరద కాలువ మ్యాపు కూడా ఇందులోనే ఉండాలి. పాత కాలువని పూడ్చి ఎవరెవరు కట్టుకున్నారో అది తేలుస్తుంది. సగం కొలతలు ఈ అమ్మాయివి. మ్యాపు మీద పేరు మాత్రం మామయ్య ఒక్కడిదే. ఒళ్లు మండి మొత్తం తుడిచేసింది. ఆయన మధ్యలో వచ్చి పట్టుకున్నాడు. తోసేసింది. ఆయన్ని వదిలేస్తే, ఈ కంప్యూటర్లో ఉన్న లినక్స్ అనే సాఫ్ట్‌వేర్‌ని నడపగలిగేది ఇంట్లో ఈమె ఒక్కతే.”

“నేనెందుకు తుడుస్తాను సర్?” అంది మేనకోడలు. ఏడవడం లేదు. “అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్లు. ఈ గదిలోనే బల్ల కింద పడుకునేదాన్ని. ఆయన మ్యాపుల మీద రంగులేస్తూ పెరిగాను.”

“ముందురోజు సాయంత్రం ఇద్దరూ వీధిలోకి వినపడేలా అరుచుకున్నారా లేదా?”

“అరుచుకున్నాం.”

“నీకెవరు చెప్పారు బావా?” అంది గోరింక. ఎప్పుడైతే ‘గారూ’, ‘మీరు’ రెండూ ఎగిరిపోయాయో అప్పుడు ఆమె పనిలో పడిందని అర్థం.

“వాళ్ల చిన మామయ్య. సర్వేయరుగారి తమ్ముడు, పశువుల డాక్టరు. బంగారంలాంటి మనిషి. నిన్నటినుంచీ అన్న మంచం పక్కనుంచి కదల్లేదు. మేనకోడలి మీద చెప్పాల్సొచ్చిందని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు పాపం.”

“దేనిమీద గొడవ?” గోరింక మేనకోడలినే అడిగింది.

“చెబితే నవ్వుతారు. ఒక్క లైను మీద.”

“ఏం లైను?”

“కంప్యూటర్ లేవగానే ఒక చిన్న ఫైలు చదువుకుంటుంది మేడమ్. ఏ డిస్కుని తెచ్చి ఏ ఫోల్డరుకి తగిలించాలో అందులో రాసి ఉంటుంది. దాన్నే మౌంట్ చెయ్యడం అంటారు. మామయ్య పనంతా కంప్యూటర్లో ఉండదు. ఆ నల్ల పెట్టెలోని డిస్కులో ఉంటుంది. లేవగానే అదొచ్చి ‘హోమ్’ అనే ఫోల్డరుకి తగులుకోవాలి. ప్రతి డిస్కుకీ ఒక సొంత నంబరుంటుంది, పుట్టుకతో వచ్చినట్టు, మారదు. ఆ నంబరు రాయి మామయ్యా అని నేను. మామయ్య మాత్రం ‘రెండో డిస్కు’ అని రాసి పెట్టుకున్నాడు. వరసలో రెండోది వచ్చి తగులుకోవాలని. వరస ఎప్పుడైనా మారొచ్చు, వద్దన్నాను. ‘నా ఇంట్లో ఉన్నవే రెండు డిస్కులు, మూడోది ఎక్కణ్ణుంచి వస్తుందే’ అని ఆయన.”

గోరింకకి నవ్వు రాలేదు. “మీ మామయ్య సర్వేయరు. స్థలానికి హద్దు చెప్పమంటే ఎవరైనా ‘మూల నుంచి రెండో ఇల్లు’ అంటే ఊరుకుంటాడా?”

“కసిరి పంపేస్తాడు. రాయి ఎక్కడ పాతారో చూపించమంటాడు. అదే నేనూ అన్నాను. అందుకే ఆయనకి అంత కోపం వచ్చింది.”

“ఈ పురాణం వల్ల నాకేంటి ఉపయోగం?” అన్నాడు ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకుంటూ.

గోరింక నల్ల పెట్టె దగ్గరికి వంగింది. ముట్టుకోలేదు. కంప్యూటర్ వెనక వైపు చూసింది. తీగలు దూర్చే కన్నాలు ఒక వరసలో ఉన్నాయి. అన్నిటి మీదా వేలు పెడితే అచ్చు పడేంత దుమ్ము. ఒక్కదాని చుట్టూ మాత్రం లేదు. నల్ల పెట్టె తీగ ఉన్నది దాన్లో కాదు, పక్కదాన్లో.

“బావా, నిన్నటినుంచి దీన్ని ఆపారా? మళ్లీ వేశారా?”

“సాక్ష్యాన్ని ఎవరైనా ఆపుతారా? ఎలా ఉన్నది అలాగే సీలు చేశాం.”

“దేవుడు నిన్ను చల్లగా చూడాలి. ఇప్పుడు అది ఎప్పటినుంచి మేలుకుని ఉందో దాన్నే అడుగుదాం.”

“ముద్దాయి చెయ్యి కీబోర్డు మీద పడితే ఒప్పుకోను. నీ చెయ్యి పడ్డా ఒప్పుకోను.”

“అయితే నీ చెయ్యే పెట్టు. ఆ అమ్మాయి చెప్తుంది, నువ్వు కొట్టు. రేపు కోర్టులో ఎవరూ నిన్ను వేలెత్తి చూపించరు, వేలు నీదే కాబట్టి.”

ఇన్‌స్పెక్టరు ఇరుక్కున్నాడు. కాదంటే భయపడ్డట్టు. టోపీ తీసి బల్ల మీద పెట్టి కుర్చీలో కూర్చున్నాడు. ఆయన టైపు చేసేది కుడిచేతి చూపుడువేలితో. ప్రతి అక్షరాన్నీ వెతికి పట్టుకుని, దొరికిన కోపమంతా దాని మీద చూపిస్తాడు. మేనకోడలు ఒక్కో అక్షరం చెబుతూ పోయింది. చేతులు ఒళ్లోనే ఉన్నాయి గానీ వేళ్లు వాటంతటవే మోకాలి మీద కొట్టుకుంటున్నాయి.

తెర మీద జవాబు పడింది. ఈ కంప్యూటర్ లేచింది నిన్న మధ్యాహ్నం, పన్నెండు దాటాక.

“చూశారా!” అంది మేనకోడలు. “పదకొండింటికి ఆపేశానని చెప్పాను కదా సర్.”

“నువ్వే తిరిగొచ్చి మళ్లీ వేశావు,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “ఆపాను అన్నదానికి ఇది రుజువు, వేరేవాళ్లు వేశారన్నదానికి కాదు.”

మాట న్యాయమైనదే. గోరింక ఒప్పుకుంది. ఈ పిల్ల నిజం చెబుతోందని ఆమె నమ్మింది. నమ్మకంతో జీపు ఆగదు.

“పాస్‌వర్డ్ లేకుండా ఎవరైనా వెయ్యొచ్చా?”

“వెయ్యొచ్చు. ఇంట్లో ఉన్నది ఇద్దరమే, తాళాలెందుకని మామయ్య తీయించేశాడు. నొక్కితే చాలు, నేరుగా తెరుచుకుంటుంది. లోపల మార్పులు చెయ్యాలంటేనే అడుగుతుంది.”

“సరే. ఇప్పుడు దీనికి ఎన్ని డిస్కులున్నాయో అడుగు బావా.”

చూపుడువేలు మళ్లీ కదిలింది. తెర మీద కొన్ని వరసలు వచ్చాయి. మేనకోడలు ముందుకి వంగింది. కానిస్టేబుల్ ఆమె భుజం పట్టుకుని వెనక్కి లాగింది.

“చదువమ్మాయ్,” అంది గోరింక.

“డిస్కులకి ఎ, బి, సి అని వరస పేర్లు పెడుతుంది మేడమ్. ఎ అంటే కంప్యూటర్ లోపలిది. అది ఉంది. తర్వాత...”

“తర్వాత సి,” అన్నాడు ఇన్‌స్పెక్టరు తెర మీద వేలు పెట్టి. “ఎ, సి. రెండే ఉన్నాయి. సరిపోయిందిగా.”

“బి ఏదీ?” అంది గోరింక.

ఇన్‌స్పెక్టరు ఎందుకైనా మంచిదని ఇంకోసారి చదివాడు.

“బి లేదు,” అన్నాడు.

“ఒకటుంది, మూడుంది, రెండు లేదు. సినిమా హాల్లో మూడో సీట్లో మనిషి కూర్చుని రెండోది ఖాళీగా ఉంటే ఏమనుకుంటాం? ఎవరో లేచి వెళ్లిపోయారనుకుంటాం. ఈ కంప్యూటర్ లేచేటప్పుడు ఇక్కడ ఇంకో డిస్కుంది బావా. వెనక చూడు, ఆ కన్నం దగ్గర దుమ్ము లేదు. కొత్తగా వచ్చినది ముందు పలికింది. దానికి రెండో స్థానం దక్కింది. మామయ్యగారి డిస్కు మూడోదైపోయింది.”

మేనకోడలు మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. “ఆయన రాసిన లైను రెండోదాన్ని పట్టుకుంది. అది వేరే రకం డిస్కయితే తగులుకోదు. తగులుకోకపోతే కంప్యూటర్ అక్కడే ఆగిపోవాలి. ఒకసారి తీగ ఊడి అలా ఆగిపోతే మామయ్య నానా తిట్లూ తిట్టాడు. అందుకని ‘దొరక్కపోతే వదిలేసి ముందుకెళ్లు’ అని కూడా రాయించాడు నాచేత. అందుకే ఖాళీగా తెరుచుకుంది. సర్, ఏదీ తుడిచిపోలేదు! తగిలించలేదంతే! సి డిస్కుని హోమ్‌కి తగిలించండి, నేను చెప్తాను, కొట్టండి!”

“పాస్‌వర్డ్ అడుగుతోంది,” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“బుజ్జితల్లి. అన్నీ చిన్నక్షరాలు. మామయ్య పెట్టుకున్నాడు.”

ఇన్‌స్పెక్టరుకీ ఇద్దరు ఆడపిల్లలున్నారు. ఆ మాట కొట్టేటప్పుడు ఆయన వేలు కాస్త నెమ్మదించింది. నల్ల పెట్టె మీది పచ్చదీపం గబగబా కొట్టుకుంది. ఫోల్డర్ల కిటికీ మూసి మళ్లీ తెరిచాడు. ఖాళీగా ఉన్న చోట వరసలు వరసలుగా ఊళ్లు దిగాయి. ముప్ఫై ఏళ్ల పొలాలు, వీధులు, ప్రహరీలు. అన్నిటికంటే పైన, నిన్నటికి ముందురోజు తేదీతో, వరద కాలువ.

మేనకోడలు ఇప్పుడు ఏడ్చింది. గోరింక ఊపిరి వదిలింది. తొందరపడి వదిలానని మరు నిమిషంలోనే తెలిసొచ్చింది.

“భలే,” అన్నాడు ఇన్‌స్పెక్టరు కుర్చీ వెనక్కి జరిపి. “అంటే తుడవలేదు, దాచింది. ఎలా దాచాలో, ఎలా బయటికి తియ్యాలో నోటితో చెప్పేసింది, కళ్లారా చూశాను. ఇంకో డిస్కు తగిలించి వరస మార్చాలంటే ఆ లైను అలా రాసి ఉందని తెలియాలి కదా. ఎవరికి తెలుసు? ఈ ఇంట్లో ఇద్దరికి. ఒకాయన స్పృహలో లేడు. మరదలా, నువ్వు కేసు కొట్టేయించడానికొచ్చి నాకు గట్టి చేసి పెట్టావు.”

మేనకోడలు మొహం పాలిపోయింది. కానిస్టేబుల్ ఆమె చేతిని పట్టుకుని లేపింది.

“దాచినవాళ్లకి తెలిసి చేశారని ఎందుకనుకుంటున్నావు?” అంది గోరింక.

“తెలియకుండా ఎవడు దాస్తాడు?”

“దొంగతనానికొచ్చినవాడు. మ్యాపు కాపీ చేసుకుని, ఇక్కడిది చెరిపేసి పోదామని సొంత డిస్కు తెచ్చుకున్నాడు. ఆపి ఉన్న కంప్యూటర్‌కి ముందే దాన్ని తగిలించి, అప్పుడు మీట నొక్కాడు. మనమంతా చేసేది అదే కదా. అది తగిలించడం వల్లే మ్యాపు మాయమైందని వాడికెలా తెలుస్తుంది? తెరిచి చూస్తే అంతా ఖాళీ. ఆయనే ఎక్కడో దాచేశాడనుకున్నాడు. వెతికాడు. ఈలోగా ఆయన వచ్చాడు. ఎక్కడ పెట్టావని నిలదీశాడు. ఆ మెట్ల దగ్గర ఏం జరిగిందో తర్వాత చూద్దాం. బావా, మ్యాపు వాడి ముక్కు కిందే ఉంది, ఆ నల్ల పెట్టెలో. తన చేత్తోనే దాన్ని మూడో స్థానంలోకి నెట్టేసుకున్నాడు.”

“కథ బాగుంది. ఆ డిస్కేదీ? ఆ మనిషేడీ?” ఇన్‌స్పెక్టరు టోపీ అందుకున్నాడు. “పద.”

“ఒక్క మాట. అమ్మాయ్, ఇందాక మనం చూసిన ఖాళీ ఫోల్డర్లు ఇప్పుడెక్కడికి పోయాయి?”

గుమ్మం దగ్గర మేనకోడలు వెనక్కి తిరిగింది. “ఎక్కడికీ పోలేదు. అడుగునే ఉన్నాయి. నల్ల డిస్కు కొనకముందు మామయ్య పని కంప్యూటర్లోనే ఉండేది. డిస్కు కొన్నాక అన్నీ దాంట్లోకి మార్చి, పాతది ఖాళీ చేశాం. ఫోల్డరు మాత్రం అలాగే ఉండిపోయింది. మ్యాపు మీద ఇంకో కాగితం పరిస్తే కిందిది కనపడదు కదా, అలా.”

“నిన్న మధ్యాహ్నం కూర్చున్నవాడు ఆ కింది కాగితం మీదే కదా కూర్చున్నాడు?”

మేనకోడలు నోరు తెరుచుకుంది.

“వాడు ఏమీ రాయలేదనుకో,” అంది గోరింక, “అయినా ఫోల్డర్లు తెరిచాడు. తన డిస్కు కూడా తెరిచి ఉంటాడు. కంప్యూటర్ తనంతట తాను ఏదైనా గుర్తు పెట్టుకుంటుందా?”

“బొమ్మలు!” మేనకోడలు కానిస్టేబుల్ చెయ్యి విదిలించుకుంది. “ఫొటోలున్న ఫోల్డరు తెరిస్తే చాలు, ఒక్కో ఫొటోకీ చిన్న నమూనా బొమ్మ తయారు చేసి హోమ్‌లో దాచుకుంటుంది. బయటికి కనపడని ఫోల్డర్లో. డిస్కు తీసేసినా అవి పోవు. పైది తియ్యక్కర్లేదు సర్, కింది భాగాన్ని ఇంకో చోట తెరిచి చూడొచ్చు. ఒక్క లైను. ఒక్కటే కొట్టండి, తర్వాత ఎక్కడికంటే అక్కడికి వస్తాను.”

ఇన్‌స్పెక్టరు మరదలి మొహం చూశాడు, మెట్లు చూశాడు. మనిషి మొండివాడే గానీ చెడ్డవాడు కాదు. టోపీ మళ్లీ బల్ల మీదకి వెళ్లింది.

ఆ ఒక్క లైనూ ఆయన మూడుసార్లు తప్పు కొట్టాడు. నాలుగోసారి తెరుచుకుంది. ఇందాకటి ఖాళీ ఫోల్డర్లే. కనపడనివి కూడా చూపించమని మేనకోడలు చెప్పింది. పేర్లు కాని పిచ్చి అక్షరాల వరసలు బోలెడు బయటపడ్డాయి. అన్నీ నిన్నటివే, కంప్యూటర్ లేచిన తర్వాతి పది నిమిషాల్లో పుట్టినవే.

“మొదటిది తెరువు,” అంది గోరింక.

తపాలా బిళ్లంత బొమ్మ. మెడ చుట్టూ గరాటాలాంటి అట్ట కట్టిన కుక్క.

“కుక్క,” అన్నాడు ఇన్‌స్పెక్టరు నిరాశగా. “ఎవడి ఇంట్లో ఉండదు?”

రెండోది కూడా కుక్కే, మరొకటి. కాలికి కట్టు. మూడోది ఏదో ఎక్స్‌రే, పక్కటెముకల మధ్య తెల్లగా ఒక సూది. ఇన్‌స్పెక్టరు వేలు నెమ్మదించింది. నాలుగోది నేల మీద పడుకోబెట్టిన గేదె, పొట్ట పక్కన తెరిచి ఉంది, చుట్టూ తాళ్లు.

మేనకోడలు బల్ల దగ్గరికొచ్చి తెర మీదికి వంగింది. గోరింక ఆమెనే చూస్తోంది.

“ఆ గేదె నాకు తెలుసు,” అంది ఆ పిల్ల. “ఇనప ముక్క మింగింది. ఆపరేషన్‌కి టార్చి పట్టుకున్నది నేనే. ఆ ఫొటోలో ఆ మూల కనపడే చెయ్యి నాది.”

“ఎవరు చేశారు ఆపరేషన్?” అన్నాడు ఇన్‌స్పెక్టరు. తెలిసి కూడా అడిగాడు.

“చిన మామయ్య.”

ఆ రెండు మాటలూ చెప్పడానికి ఆ పిల్లకి ఎంత కష్టమయిందో గోరింక చూసింది. పెంచినవాడు ఒకడు, ఎత్తుకు తిప్పినవాడు ఒకడు. ఇద్దర్నీ ఒకే రోజున పోగొట్టుకుంటోంది.

“అంతకుముందెప్పుడో వచ్చి వాడుకుని ఉండొచ్చు,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. మాటలో బలం లేదు.

“తేదీ నువ్వే చదివావు. పైగా అంతకుముందు వాడి ఉంటే ఈ బొమ్మలు నల్ల డిస్కులో పడేవి. కింది కాగితం బయటపడింది నిన్న ఒక్కరోజే. తాళంచెవి ఎవరెవరి దగ్గరుందమ్మాయ్?”

“మా ఇద్దరి దగ్గర కాక చిన మామయ్య దగ్గరే.”

“వరద కాలువ మ్యాపు తెరువు బావా.”

ఇన్‌స్పెక్టరు తెరిచాడు. మెలికలు తిరిగిన నీలం గీత, దానికి అటూ ఇటూ ఇళ్ల కప్పులు. సర్వేయరు తన చేత్తో చివర కలిపిన ఎర్ర గీత ఒకటి పెద్ద కట్టడాన్ని సరిగ్గా నడుమకి కోస్తూ పోయింది. కట్టడం లోపల చిన్న అక్షరాల్లో రాసి ఉంది: కొత్త పశువుల ఆసుపత్రి. తొలగించవలసినది.

“నాకు చూపించలేదు,” అంది మేనకోడలు. “చివరి గీత నేనే గీస్తానన్నాడు. తమ్ముడిదని... ఆ భారం తనే మోద్దామనుకున్నాడు.”

ఇన్‌స్పెక్టరు ఫోన్ తీస్తూ లేచాడు. కుర్చీ వెనక్కి పడిపోయింది. ఆయన మొహంలో ఓడిపోయిన కోపం లేదు. అంతకంటే చెడ్డదేదో ఉంది. గోరింక దాన్ని చూసి ఫోన్ ఆయన చేతిలోంచి లాక్కుని ఆసుపత్రి నంబరు నొక్కింది. స్పీకరు పెట్టింది.

“సర్వేయరుగారి వార్డా?” అంది నర్సు గొంతు. “మంచం ఖాళీ అయిందండి. ఇప్పుడే, పావుగంట కూడా కాలేదు. పెద్దాసుపత్రికి మారుస్తామని తమ్ముడుగారు తీసుకెళ్లారు.”

“పోలీసు కేసులో ఉన్న మనిషిని ఎవరి మాట మీద పంపారు?”

“ఇన్‌స్పెక్టరుగారు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పారు కదండీ, ఆయన ఎక్కడికి తీసుకెళ్తానంటే అక్కడికి పంపమని.”

ఇన్‌స్పెక్టరు గోడ వైపు తిరిగాడు.

“అంబులెన్సు నంబరు చెప్పండి,” అంది గోరింక.

“అంబులెన్సు కాదండి, ఆయన సొంత వ్యానే. పాపం అన్నదమ్ములంటే అలా ఉండాలి. బయల్దేరే ముందు పెద్దాయనకి స్పృహొచ్చింది కూడాను! కళ్లు తెరిచి తమ్ముణ్ణి చూడగానే ఏదో చెప్పాలని ఒకటే తాపత్రయం. మంచం కమ్మీ పట్టుకుని వదల్లేదు. మేం డాక్టరుగారిని పిలుస్తామంటే ఆయనే వద్దన్నారు, కంగారుపడుతున్నాడు, నిద్రపోతే సర్దుకుంటుందని ఇంజెక్షన్ చేశారు.”

“ఎవరు చేశారు?”

“తమ్ముడుగారేనండి,” అంది నర్సు. “ఆయనా డాక్టరేనట కదా. మందు కూడా మా దగ్గరిది తీసుకోలేదు, ఆయన సంచిలోదే.”